పొట్టుపొయ్యి మీద తేనెమైనం

మొన్న పక్క ఫ్లాటు వాళ్ళ వీణకు మేళం కట్టడానికి, అంటే మెట్లు సరిచేసి మైనంతో నిలబెట్టడానికి, బొబ్బిలి వైపు నుంచి ఒకాయన వచ్చారు. ఎండలకి మెట్ల కింద మైనం మెత్తబడి కొన్ని మెట్లు పక్కకు ఒరిగాయట. స్వరం పలకాల్సిన చోట పలకడం లేదు. చిన్న గిన్నెలో తేనెమైనం, గుగ్గిలం, మసి కలిపి ఆయన కరిగిస్తుంటే ఆ వాసన వరండా దాటి మా గుమ్మంలోకి వచ్చేసింది. సింహాచలం కొండ కింద అడవివరంలో, పెద్దమ్మ వాళ్ళ పెరడు వేసవంతా ఇదే వాసన వేసేది.

వీణకున్న 24 మెట్లనూ నిలబెట్టేది ఆ నల్లమైనమే. అందుకే మైనం కొనడానికి వచ్చే వీణల వాళ్ళు అంత తేలిగ్గా కొనేవారు కాదు. బిళ్ళ అంచు విరిచి చూసేవారు, చూపుడువేలుతో రుద్ది వాసన చూసేవారు, చిన్న ముక్క పంటికింద పెట్టి నమిలేవారు. అంత చూశాక గాని బేరం మొదలయ్యేది కాదు. పెద్దమ్మ వాళ్ళింటి మైనానికి మంచి పేరుండేది. ఆ పేరు ఊరికే రాలేదు.

ఇప్పుడు వైజాగ్ చుట్టుపక్కల తేనెపెట్టెలు పెట్టుకునేవాళ్ళు మళ్ళీ కనిపిస్తున్నారు. సంతోషం. కానీ చాలామంది తేనె తీసుకుని, తేనె గదులకు ఈగలు వేసిన మూతల మైనం కడిగి పారేస్తున్నారు, పాత పట్లను, అంటే ఈగలు కట్టిన మైనపు గదుల అరలను, చెత్తబండిలో వేస్తున్నారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పడుచు ఈగల పొట్ట కింద ఉండే నాలుగు జతల గ్రంథుల నుంచి, అభ్రకం రేకుల్లాంటి పొలుసులుగా వస్తుంది మైనం. ఒక్క గ్రాముకు వెయ్యికి పైగా పొలుసులు కావాలి. కిలో మైనం కట్టడానికి ఈగలు ఆరేడు కిలోల తేనె తింటాయని పెంపకందార్ల లెక్క. దాన్ని మురిక్కాలవ పాలు చేయడానికి చేతులెలా వస్తాయో తెలీదు. అందుకే ఆ పెరట్లో మైనం తీసిన పద్ధతి గుర్తున్నంత వరకూ రాసి పెడుతున్నాను.

రెండు డబ్బాలు

మావయ్య తేనె పని చూసేవాడు, పెద్దమ్మ మైనం పని చూసేది. పనస చెట్ల నీడన న్యూటన్ రకం తేనెపెట్టెలు వరసగా ఉండేవి. అన్నీ తొర్రల్లో గూడుకట్టే మన పుట్టతేనె ఈగలే. మాఘం నుంచి చైత్రం దాకా జీడిమామిడి, మామిడి, కొండ మీది అడవి చెట్లు ఒకదాని తరవాత ఒకటి పూసేవి. తేనె తీసే రోజు పొద్దున్నుంచి చేతియంత్రం పళ్ళచక్రాల చప్పుడు, డ్రమ్ము గోడలకు తేనె చుక్కలు తగిలే చప్పుడు వినిపిస్తూనే ఉండేవి. వేడినీళ్ళలో ముంచిన పొడవాటి కత్తితో మావయ్య పట్టు మీది తెల్లటి మూతలు పలచగా కోసి జల్లెడలోకి జార్చేవాడు.

పెద్దమ్మ దగ్గర మూత బిగిసే పెద్ద బిస్కెట్ డబ్బాలు రెండుండేవి. ఒకదాంట్లో మూతల మైనం, రెండోదాంట్లో నల్ల పట్టు. రెండూ కలిపితే ఊరుకునేది కాదు. "దేని కుండ దానిదేనర్రా, కలిపితే రెండూ చెడతాయి" అనేది. కారణం లేకపోలేదు. మూతలు ఈగలు అప్పుడే కట్టినవి. వాటిలో తేనె తప్ప ఇంకేమీ ఉండదు. కరిగితే నిమ్మపండు రంగులోనో, ఆ ఏటి పూలను బట్టి ఇంకా లేతగానో వస్తుంది. నల్ల పట్టు సంగతి వేరు. ఆ గదుల్లో పిల్లలు పెరిగాయి. పుట్టిన ప్రతి ఈగా పురుగుగా ఉన్నప్పుడు తన చుట్టూ అల్లుకున్న గూటి పొరను గది గోడకు అంటించి వెళ్ళిపోతుంది. పది పన్నెండు తరాలు పెరిగాక పట్టు ముదురు గోధుమరంగుకు, ఆ తరవాత నలుపుకు తిరుగుతుంది. గది ఇరుకవుతుంది. అందులో పుట్టే ఈగలూ చిన్నబోతాయి. ఆ పట్టు గుప్పెడైనా మూతల్లో కలిసిందంటే కుండ మైనమంతా గోధుమ రంగే.

పాత పట్టును రెండు మూడేళ్ళకోసారి మార్చేసేవారు. మన పుట్టతేనె ఈగలైతే ముదిరిన పట్టును తామే కొరికి తునకలు కింద పోస్తాయి. ఆ తునకలు పెట్టె అడుగున పోగుపడితే మైనపు చిమ్మట వచ్చి గుడ్లు పెడుతుంది. వారానికోసారి అడుగుపలక గోకి ఆ పొడి కూడా నల్ల డబ్బాలోనే వేసేవారు.

డబ్బాలో వేసింది ఎక్కువ రోజులు ఉంచకూడదు. విశాఖ గాలిలో ఉన్న తేమకు, వేడికి చిమ్మట పురుగు నల్ల పట్టు మొత్తాన్ని కొద్ది వారాల్లోనే సాలెగూడు చేసేస్తుంది. దానికి కావలసింది మైనం ఒక్కటే కాదు, పట్టులోని గూటి పొరలు, పుప్పొడి కూడా. అందుకే మూతల మైనం జోలికి అంతగా రాదు, నల్ల పట్టునే పట్టుకుంటుంది. వెంటనే కాచే వీలు లేకపోతే పట్టును గట్టిగా ఉండలు నొక్కి గాలాడని డబ్బాలో పెట్టాలి. ఇప్పుడైతే ప్లాస్టిక్ సంచిలో కట్టి రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే గుడ్లతో సహా చచ్చిపోతాయి. తీశాక సంచి విప్పకుండానే గది వేడికి రానివ్వాలి. ముందే విప్పితే చెమ్మ పట్టి బూజొస్తుంది.

మూతల పని

ఇది సులువు. పిల్లలకిచ్చే పని.

జల్లెడలో మూతలు ఒక పగలు, ఒక రాత్రి కారనిస్తే తేనె చాలావరకు దిగిపోతుంది. మిగిలిందాన్ని గోరువెచ్చని నీళ్ళలో వేసి చేత్తో కలిపి పిండాలి. నీళ్ళు మరీ వేడిగా ఉంటే మూతలు ముద్దకట్టి తేనెను లోపల దాచుకుంటాయి. మొదటి కడుగు నీళ్ళు మంచి తియ్యగా ఉండేవి. నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పు వేసి పెద్దమ్మ అందరికీ గ్లాసుల్లో పోసేది. రెండో కడుగు, మూడో కడుగు చెట్ల మొదళ్ళకు, అదీ పొద్దుగూకాక, మట్టి కప్పి పోసేవారు. పగలు ఆరుబయట తేనె నీళ్ళు ఉంచారంటే ఈగలు వచ్చి పడతాయి. అక్కడ రుచి మరిగి బలహీనంగా ఉన్న పెట్టెల మీద దోపిడీకి దిగుతాయి. ఒకసారి మొదలైతే చీకటి పడేదాకా ఆగదు.

కడిగిన మూతలను పాత పంచె మీద నీడన ఆరబెట్టేవారు. తేనె బరువులో నూటికి ఒక వంతు, మహా అయితే రెండు వంతులు మైనం వస్తుంది. 10 కిలోల తేనె తీస్తే 100, 150 గ్రాములన్నమాట. కొద్దిగానే వస్తుంది కాబట్టి సీజనంతా పోగుచేసి ఒకేసారి కరిగించేవారు. గిన్నెలో సగానికి నీళ్ళు పోసి, మూతలు వేసి, సన్నటి సెగ మీద పెడితే చాలు. తడి గుడ్డలో వడకట్టి చల్లారనిస్తే పసుపుపచ్చ బిళ్ళ. నల్ల పట్టు అలా కాదు. దానికి పొయ్యి దగ్గర్నుంచి అన్నీ కుదరాలి.

పొయ్యి, గిన్నె, కళాయి

మైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది. 85 దాటిందంటే రంగు ముదురుతుంది, వాసన చస్తుంది. మరగడం మొదలైతే నీళ్ళూ మైనమూ ఒకదాంట్లో ఒకటి చిలికినట్టు కలిసిపోతాయి, నురగ పొంగి పొయ్యిలో పడుతుంది. అంటే 70కి 80కి మధ్య గంటల తరబడి నిలిచే సెగ కావాలి. ఆ రోజుల్లో ఆ ఇంట్లో థర్మామీటరు లేదు, పొట్టుపొయ్యి ఉండేది.

రంపపు పొట్టు కర్రల అడితి నుంచి గోనెలతో వచ్చేది. పాత కిరసనాయిలు డబ్బాకు అడుగున పక్కగా కన్నం. ఆ కన్నంలోంచి ఒక గుండ్రటి కర్ర లోపలికి, పై నుంచి నిలువుగా ఇంకో కర్ర, రెండూ లోపల కలిసేలా పెట్టాలి. చుట్టూ పొట్టు పోసి రోకలి మొదలుతో దట్టించాలి. తరవాత కర్రలు రెండూ తిప్పుతూ మెల్లిగా లాగితే లోపల పొగగొట్టంలా దారి మిగులుతుంది. కింద కన్నంలో నిప్పు పెడితే పొట్టు లోపలి నుంచి కాలుతూ వస్తుంది. మంట పైకి లేవదు, ఊదక్కర్లేదు, ఎగదొయ్యక్కర్లేదు. మూడు నాలుగు గంటలు ఒకే సెగ. దట్టించడం సరిగ్గా కుదరకపోతే మధ్యలో పొట్టు కూలి పొయ్యి ఆరిపోతుంది. అందుకే ఆ పని మావయ్యదే. గిన్నె అడుగున చిన్న బుడగలు అంటుకుని, నీళ్ళు పైన కదలకుండా ఉంటే సెగ సరిపోయినట్టు. బుడగలు పైకి లేస్తున్నాయంటే కింది కన్నానికి పెంకు అడ్డం పెట్టి గాలి తగ్గించేది పెద్దమ్మ.

గిన్నె ఏదైనా సరిపోదు. ఇనప మూకుడులో కాస్తే మైనం బూడిద కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది, రాగి తగిలితే పచ్చబడుతుంది. మైనంలో ఉన్న ఆమ్లాలు లోహాన్ని పట్టుకుంటాయి. స్టీలు గిన్నెలు ఇంత విరివిగా రాని రోజుల్లో కళాయి పూసిన ఇత్తడి గుండిగలోనే కాచేవారు. ఏటా మైనం పనికి ముందు కళాయి వాళ్ళ కోసం ఎదురుచూపులు. వీధి మొదట్లోనే కేక వినిపించేది. గుంట తవ్వి, తోలుతిత్తి పాతి, బొగ్గులు రాజేసేవారు. గుండిగ లోపల నవాసారం చల్లితే తెల్లటి పొగ గుప్పున లేచేది. తగరం ముక్క తాకించి దూది ఉండతో గిర్రున తిప్పగానే ఇత్తడి వెండిలా మెరిసేది. ఆ కేక విని ఎంతకాలమైందో. ఇప్పుడు స్టీలు గిన్నె ఉంది కాబట్టి ఆ బాధ లేదు. సత్తు గిన్నె కూడా పనికొస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి, మైనానికి వాడిన గిన్నె మళ్ళీ వంటకు రాదు.

మైనాన్ని నేరుగా మంట మీద, నీళ్ళు లేకుండా ఎప్పుడూ పెట్టకూడదు. పొయ్యి మీద ఒలికితే భగ్గుమంటుంది. అంటుకున్న మైనం మీద నీళ్ళు చల్లితే నీరు ఒక్కసారిగా ఆవిరై మండే మైనాన్ని నలుదిక్కులా చిమ్ముతుంది. అందుకే పొయ్యి పక్కన గిన్నెకు సరిపడే మూత, గట్టిగా పిండిన తడి గోనె సిద్ధంగా ఉండేవి. మూత వేసి గాలి ఆపడమే మందు. గ్యాసు పొయ్యి మీద చేసేవాళ్ళు ముందు స్టవ్ కట్టేసి ఆ పని చేయాలి.

వాన నీళ్ళు

పెరట్లో నుయ్యి ఉంది. అయినా మైనానికి నూతి నీళ్ళు వాడేవారు కాదు. కార్తీకంలో పెంకుటింటి చూరు నుంచి పట్టిన వాన నీళ్ళు గోలెంలో గుడ్డ కట్టి దాచి ఉంచేది పెద్దమ్మ. ఇదంతా అతి అనుకునేవాళ్ళు చుట్టుపక్కల ఉండేవారు. కానే కాదు. నూతి నీళ్ళలో సున్నం ఎక్కువ. ఆ లవణాలు మైనంలోని ఆమ్లాలతో కలిసి ఒక రకం సబ్బుగా మారతాయి. అప్పుడు చల్లారాక బిళ్ళ అడుగున బూడిదరంగు మెత్తటి నురుగు ముద్ద తయారవుతుంది. అందులో మైనం ఉంటుంది కానీ విడిపోదు. సముద్రం వైపు బోరునీళ్ళతో కాస్తే ఇంకా ఎక్కువ.

వాన నీళ్ళు లేనివాళ్ళు ఫిల్టరు నీళ్ళు వాడుకోవచ్చు. బోరునీళ్ళే గతి అయితే లీటరుకు 2 గ్రాముల నిమ్మఉప్పు, లేదా ఒక చెంచాడు వెనిగర్ కలిపితే ఆ సబ్బు విరిగి మైనం తేరుతుంది. ఇప్పటికే ముద్దయిపోయినదాన్నీ పారేయనక్కర్లేదు. మంచి నీళ్ళలో నిమ్మఉప్పు వేసి మళ్ళీ సన్నసెగ మీద కరిగిస్తే చాలావరకు తిరిగొస్తుంది.

నల్ల పట్టు

అసలు పనితనం ఇక్కడుంది. నల్ల పట్టును ఊరికే నీళ్ళలో వేసి కాస్తే ఏమవుతుందంటే, మైనం కరుగుతుంది, కరిగినది కరిగినట్టే గూటి పొరలు పీల్చేసుకుంటాయి. పైకి తేలేది రవ్వంత. "పాత పట్టులో మైనమెక్కడిది" అని చాలామంది పారేసేది దీనివల్లే.

దానికి విరుగుడు నానబెట్టడం. పట్టు చల్లగా ఉన్నప్పుడు, తెల్లవారుజామునే, చేత్తో నలిపి చిన్న తునకలు చేసేవారు. ఎండెక్కాక నలిపితే ముద్దవుతుంది. పిల్లలున్న గదులు, నిల్వ పుప్పొడి గట్టిపడిన గదులు ముందే కోసి తీసేయాలి. చచ్చిన పిల్లలు ఉడికితే ఆ కంపు మైనాన్ని వదలదు. తునకలను గోలెంలో వాన నీళ్ళు పోసి, పైకి తేలకుండా బరువు పెట్టి, ఒక పూర్తి రోజు నానబెట్టాలి. మరీ నల్లబడినదైతే రెండు రోజులు. మధ్యలో రెండు మూడుసార్లు నీళ్ళు మార్చాలి. మొదట టీ డికాక్షన్ రంగులో నీళ్ళు దిగుతాయి. ఆ రంగు పలచబడేదాకా మార్చుతూ పోవాలి. ఇలా చేస్తే గూటి పొరలు నీళ్ళు తాగేసి నిండుతాయి, మైనానికి చోటుండదు. పట్టులోని మలినం కూడా సగం ఇక్కడే పోతుంది.

నానినదాన్ని పలచటి గోనెలో పోసి మూతి కట్టాలి. గోనె ముందే ఉతికి, పీచులు రాలకుండా చూసుకోవాలి. సంచి సగమే నింపాలి. కుక్కితే మధ్యలో ఉన్నది కరగదు. కిలో పట్టుకు 5, 6 లీటర్ల నీళ్ళు. గుండిగ అడుగున రెండు పెంకులు పేర్చి వాటి మీద సంచి పెట్టేవారు, లేకపోతే అడుగంటి గోనె మాడుతుంది. సంచి మీద కడిగిన నల్లరాయి. నీళ్ళు సంచి పైన బెత్తెడు ఉండాలి, గుండిగ అంచుకు ఇంకో బెత్తెడు వెలితి ఉండాలి.

సెగ తగిలిన కాసేపటికి పైన నూనె చుక్కల్లా పసుపు కళ్ళు తేలేవి. అవి ఒకదానితో ఒకటి కలిసి పొరకట్టాక పెద్దమ్మ చెక్క తెడ్డుతో సంచిని అదిమేది. ఎడమ పక్క, కుడి పక్క, తిరగేసి మళ్ళీ. గట్టిగా గుద్దకూడదు. గుద్దితే గోనె కళ్ళలోంచి మడ్డి బయటకొస్తుంది. మెల్లగా నొక్కి, వదిలి, నీళ్ళు మళ్ళీ లోపలికి పోనిచ్చి, మళ్ళీ నొక్కాలి. ముప్పావుగంట నుంచి గంట. ఆ గంటలో పొయ్యి దగ్గర్నుంచి కదిలేది కాదు, ఎవరు పిలిచినా.

తరవాత సంచిని వేడిగా ఉండగానే తీసి రెండు టేకు పలకల మధ్య పెట్టి, ఒక పలక మీద మనిషి బరువు వేసి పిండేవారు. కింద పళ్ళెంలో వాన నీళ్ళు. ఒక్క నిమిషం ఆలస్యమైనా మైనం గోనెలోనే గడ్డకట్టేది. అందుకని పలకలను కూడా ముందే మరిగే నీళ్ళు పోసి వేడిచేసి ఉంచేవారు. పిండిన సంచి మళ్ళీ గుండిగలోకి, ఇంకోసారి అదే పని. రెండోసారి వచ్చేది మొదటిదానిలో నాలుగో వంతు కూడా ఉండదు, రంగూ తక్కువే. దాన్ని విడిగానే ఉంచేవారు. మూడోసారి కట్టెలు దండగ.

నానబెట్టి, అదిమి, పిండితే ఎండిన నల్ల పట్టు బరువులో మూడో వంతు మైనం వస్తే చక్కగా వచ్చినట్టు. ఏ సంరక్షణా లేకుండా ఊరికే కాస్తే అందులో సగం కూడా రాదు. మన పుట్టతేనె ఈగలు చెట్ల జిగురు తెచ్చి గూటికి పూయవు కాబట్టి వాటి పట్టులో మైనం కాస్త సులువుగా తేరుతుంది. ఇప్పుడు ఎక్కువమంది పెంచే ఇటాలియన్ ఈగల పట్టులో ఆ జిగురు ఉంటుంది. మైనం కాస్త అంటుకునేలా, ఎర్రటి మచ్చతో వస్తుంది. అలాంటప్పుడు చట్రం కర్రల మీద గోకిన జిగురును పట్టులో కలపకపోవడమే మంచిది.

మూత తియ్యకండర్రా

సంచి తీసేశాక గుండిగను పొయ్యి మీద నుంచి దించేవారు కాదు. పొట్టు ఆరిపోయినా డబ్బా వేడిగానే ఉంటుంది. మూత వేసి, పైన రెండు గోనెలు, ఆ పైన పాత బొంత కప్పేసేవారు. "మూత తియ్యకండర్రా, రేపొద్దున్న దాకా దాని జోలికెళ్ళకండి" అని పెద్దమ్మ హెచ్చరిక. కదిలిస్తే అడుగుకు దిగుతున్న మడ్డి మళ్ళీ లేచి మైనంలో కలుస్తుంది. త్వరగా చల్లారితే అంచు ముందు గట్టిపడి, మధ్యభాగం తరవాత కుంచించుకుపోయి బిళ్ళ నెర్రెలిస్తుంది. ఎంత నిదానంగా చల్లారితే మట్టి అంత కిందికి దిగుతుంది.

పొద్దున్న మూత తీస్తే బిళ్ళ గిన్నె అంచు వదిలేసి నీళ్ళ మీద తేలుతూ ఉండేది. వదలకపోతే గిన్నె బయట వేడినీళ్ళ గుడ్డ చుడితే సరి. పట్టి పీకకూడదు. బిళ్ళ తిరగేస్తే అడుగున గోధుమరంగు బురద, దాని కింద బూడిద నురుగు. దాన్ని వెన్న కత్తితో పసుపు తగిలేదాకా గోకేవారు. ఆ గోకుడు కూడా నల్ల డబ్బాలోకే వెళ్ళేది.

రెండో కరిగింపు వడపోతకు. గిన్నెలో గిన్నె పెట్టి, బయటి గిన్నెలో నీళ్ళు, లోపలి గిన్నెలో మైనం, రెండు గరిటెల వాన నీళ్ళు. మెత్తటి పాత పంచె గుడ్డను వేడినీళ్ళలో తడిపి పిండి, దాంట్లోంచి వడకట్టాలి. పొడి గుడ్డయితే మైనాన్ని అదే తాగేస్తుంది. అచ్చులుగా చిన్న స్టీలు గిన్నెలకు సబ్బునీళ్ళు రాసి వాడేవారు. పోసేటప్పుడు మైనం మరీ వేడిగా ఉంటే బిళ్ళ అచ్చుకు కరుచుకుంటుంది, మధ్యలో పగులుతుంది. గిన్నె అంచున పలచటి పొర కట్టడం మొదలైనప్పుడు పోస్తే సరిగ్గా వస్తుంది. పోశాక మళ్ళీ మూత.

నెల తిరిగేసరికి బిళ్ళల మీద తెల్లటి పొడి పూసేది. కొందరు బూజనుకుని భయపడతారు. బూజు కాదు, మైనం నుంచే పైకొచ్చే పూత. కాస్త వేడి చూపి మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. కొనేవాళ్ళలో తెలిసినవాళ్ళకు ఆ పూతే నమ్మకం.

గాజు పెట్టె

మావయ్య ఒక ఏడు ఎండతో మైనం కరిగించే పెట్టె చేయించాడు. చెక్కపెట్టె, లోపల నల్లరంగు, పైన రెండు వరసల అద్దాలు, మధ్యలో వేలెడు ఖాళీ. లోపల వాలుగా సత్తురేకు, దాని దిగువన జాలీ, జాలీ కింద కొద్దిగా నీళ్ళు పోసిన గిన్నె. ఫాల్గుణం నుంచి రోహిణి కార్తె దాకా పదకొండింటికి మూతల మైనం వేస్తే మూడయ్యేసరికి గిన్నెలో బంగారం రంగు బిళ్ళ. కట్టెలక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. ఎండ తగిలి రంగు ఇంకాస్త తేటపడుతుంది కూడా.

పెట్టెను వాలుగా దక్షిణానికి తిప్పి పెట్టడం చలికాలానికి సరే గాని, మే రెండో వారంలో విశాఖలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తి మీదుంటాడు. అప్పుడు పెట్టె చదునుగానే ఉండాలి, లోపలి రేకు మాత్రం మైనం జారేంత వాలుంటే చాలు. మబ్బు పట్టిన ఆషాఢంలో ఇది పనికిరాదు. ఇక నల్ల పట్టు దీంట్లో వేయడం వృథా. నీళ్ళు తాగని పొరలు మైనాన్ని వత్తిలా పీల్చేసుకుంటాయి, రేకు మీద నల్ల అట్ట మాత్రం మిగులుతుంది. ఇప్పుడు ఈ పెట్టెలు కొనేవాళ్ళు ముఖ్యంగా ఈ సంగతి తెలుసుకోవాలి.

కొండ మైనం

చలికాలంలో కిరండూల్ పాసింజర్‌లో అరకు నుంచి వచ్చే చుట్టాలు గోనెసంచిలో మైనపు ముద్దలు తెచ్చేవారు. కొండరాళ్ళకు, పెద్ద చెట్లకు వేలాడే పెద్ద తేనెటీగల పట్టుది ఆ మైనం. గిరిజనులు తేనె పిండేశాక మిగిలిన పట్టును వేడినీళ్ళలో వేసి ఉండలు చుట్టి సంతకు తెచ్చేవారు. తేనెను, అడ్డాకును, కుంకుళ్ళను, చింతపండును కొనే గిరిజన సహకార సంస్థ 1956లో మొదలైంది, దాని ప్రధాన కార్యాలయం విశాఖలోనే. దాని తేనె సీసాలు ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో ఉండేవి. మైనం మీద మాత్రం అంతగా ఎవరి దృష్టీ ఉండేది కాదు.

ఆ ఉండల్లో తేనె, పుప్పొడి, పిల్లలు, ఒక్కోసారి గులకరాళ్ళు కూడా ఉండేవి. నేరుగా కాస్తే తేనె మాడి మైనం నల్లబడుతుంది. ముందు ముక్కలు కొట్టి, రెండుసార్లు గోరువెచ్చని నీళ్ళలో కడిగి, ఆ తరవాతే సంచిలో పెట్టాలి. వలిసెలు అనే నూనెగింజల పంట పూసే కాలంలో అరకు లోయంతా పసుపు పరచుకుంటుంది కదా, ఆ కాలం తరవాత అక్కడి తేనెపెట్టెల నుంచి వచ్చే మూతల మైనం ముదురు పసుపు. ఈగ కట్టేటప్పుడు మైనం తెల్లగానే ఉంటుంది. రంగు పుప్పొడి నుంచి ఎక్కేదే.

బజారు మైనంలో పారఫిన్ కలపడం అప్పుడూ ఉంది, ఇప్పుడు మరీ ఎక్కువ. పూర్ణా మార్కెట్‌లో కొనేటప్పుడు పెద్దమ్మ చేసే పరీక్షలు ఎవరైనా చేసుకోవచ్చు. బిళ్ళ విరిస్తే విరిగిన చోట మెరుపు లేకుండా గరుకుగా, రవ్వరవ్వగా ఉండాలి. నున్నగా, అద్దంలా మెరిస్తే అనుమానించాలి. నమిలితే పంటికి అంటుకోకుండా తునకలవ్వాలి. చేత్తో రుద్దితే జిడ్డు తేలకూడదు. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే నిస్సందేహంగా మంచిదని తెలిసిన మైనం ముక్క ఒకటి దగ్గరుంచుకోవాలి. నీళ్ళలో వేస్తే అది తేలుతుంది. ఆ నీళ్ళలో కొద్దికొద్దిగా స్పిరిట్ కలుపుతూ అది మెల్లగా మునిగే దాకా రావాలి. అదే గ్లాసులో కొన్న ముక్క వేస్తే, పారఫిన్ కలిసినదైతే తేలికగా ఉండి తేలిపోతుంది. వేసే ముక్కలకు గాలిబుడగలు అంటుకోకుండా ముందు తడిపి వేయాలి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక ఈ చుట్టుపక్కల కూలిన చెట్లకు లెక్కలేదు. తొర్రలున్న ముసలి మాకులే ముందు పడ్డాయి. పుట్టతేనె ఈగలకు గూళ్ళు అవే. చెట్లు మళ్ళీ నాటారు. వాటికి తొర్రలు పడాలంటే ఒక తరం పట్టాలి.

భరిణెలో మైనం

వీణల వాళ్ళు పట్టుకెళ్ళగా మిగిలింది ఇంట్లోకి. బొట్టు మైనం చేయడం అప్పటి ఆడవాళ్ళందరికీ తెలిసిన పని. నుదుట కాస్త మైనం అద్ది, దాని మీద కుంకుమ దిద్దితే చెమటకు కారదు, సాయంత్రం దాకా నిలుస్తుంది. 10 గ్రాముల మైనానికి వేసవిలో అర చెంచా కొబ్బరినూనె, చలికాలంలో చెంచాడు. గిన్నెలో గిన్నె పెట్టి కరిగించి భరిణెలో పోయడమే. మూతల మైనం మాత్రమే వాడాలి, నల్ల పట్టుది చర్మానికి పెట్టేది కాదు పెద్దమ్మ. స్టిక్కర్లు వచ్చాక ఈ భరిణె ఎవరింట్లోనూ కనబడటం లేదు.

మడమల పగుళ్ళకు మైనం ఒక వంతు, నువ్వులనూనె ఆరు వంతులు. ఆయుర్వేదంలో సిక్థ తైలం అనేది ఇదే. నూనె వేడెక్కాక మైనం వేసి, కరగగానే దించి, చల్లారేదాకా కలుపుతూ ఉండాలి. కలపడం ఆపితే రవ్వకడుతుంది. చెప్పులు కుట్టేవాళ్ళు దారానికి లాగుకోవడానికి వేలెడు ముక్క పట్టుకెళ్ళేవారు. వాళ్ళకు రెండో కాపు మైనం ఇచ్చినా సరిపోయేది. గోధుమరంగుదైతే ఏం, దారానికి పట్టు ముఖ్యం. బీరువా సొరుగులు బిగిసినా, రంపం చెక్కలో కదలకపోయినా అదే మందు.

మడ్డి, గిన్నెలు

పని అయ్యాక గుండిగలో మిగిలిన నీళ్ళు తూములో పోయకూడదు. అందులో కనబడని మైనం ఉంటుంది, గొట్టంలో గడ్డకట్టిందంటే గొట్టం పగలగొట్టాల్సిందే. పూర్తిగా చల్లారనిచ్చి, పైన తేలిన పొర తీసేసి, చెట్ల పాదుల్లో పోయాలి. గిన్నెకు అంటిన మైనం వేడిగా ఉండగానే పాత పేపరుతో తుడిచేయాలి. ఆ పేపరు మర్నాడు పొయ్యి రాజేయడానికి పనికొస్తుంది. ఇంకా జిడ్డుంటే బట్టల సోడా వేసిన నీళ్ళు మరిగించి కడిగితే వదిలిపోతుంది. తెడ్డుకు సోడా పెట్టకూడదు, చెక్క పీల్చుకుని తరవాతి కాపులో మైనాన్ని సబ్బు చేస్తుంది. దాన్ని ఉత్త వేడినీళ్ళలో వేసి తీసి ఎండబెడితే చాలు.

సంచిలో మిగిలే నల్ల మడ్డిని పెద్దమ్మ ఎండబెట్టి రెండుగా పంచేది. పిడికెడు ఉండలు చేసినవి వర్షాకాలంలో తడి కట్టెలు అంటించడానికి. విడిగా ఉన్నది పశువుల పేడతో కలిపి గోతిలో, ఆరు నెలలు మాగాక అనాస మొక్కలకు. పచ్చిగా మొక్కల మొదట వేస్తే చీమలు చేరతాయి, పైగా అందులో మిగిలిన మైనం వల్ల నీరు ఇంకదు. ఎండబెట్టడం కూడా తేనెపెట్టెలకు దూరంగా, పెరటి రెండో చివర్న చేసేవారు. మడ్డి వాసనకే చిమ్మట వస్తుంది.